ఆల్చిప్పల పంజరాల్లో చేపల కాపురం

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం ఒడ్డున లాంగ్ ఐలాండ్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉంది. అక్కడ ఆల్చిప్పలు పెంచే రైతు వేసవిలో ఒక పంజరాన్ని పడవ మీదికి లాగినప్పుడు ముందు బురద నీళ్లు కారతాయి. తర్వాత తీగల సందుల్లోంచి వేలిగోరంత పీతలు బిలబిలమంటూ జారి డెక్కు మీద అటూ ఇటూ పరుగెడతాయి. నాచు ముద్దల్లోంచి రొయ్యపిల్లలు ఎగిరి పడతాయి. ఏ మూల సంచిలోనో బొటనవేలంత నల్లచేప ఇరుక్కుని తోక కొట్టుకుంటుంది. కప్ప మూతి ఉన్న టోడ్‌ఫిష్ ఒకటి పంజరం అడుగునే కూర్చుని, చెయ్యి పెడితే కరుస్తానన్నట్టు నోరు తెరుస్తుంది. రైతు పంజరంలో వేసుకున్నది చిప్పలు మాత్రమే. మిగతావన్నీ పిలవకుండా వచ్చినవి. ఆయన వాటిని చేత్తో నీళ్లలోకి తోసేసి, చిప్పలు ఎంత పెరిగాయో చూసుకుంటాడు.

పిలవకుండా వచ్చిన ఈ జీవాల మీద గత 20 ఏళ్లుగా శాస్త్రవేత్తలకు ఆసక్తి బాగా పెరిగింది. ఆల్చిప్పల ఫారం అంటే తిండి పండించే చోటేనా, చేపలకు ఇల్లు కూడానా అన్నది వాళ్ల ప్రశ్న.

మన దగ్గర ఆక్వా అనగానే కళ్ల ముందు కదిలేది రొయ్యల చెరువు. గట్లు, ఏరేటర్లు, మేత బస్తాలు, మందుల ఖర్చు, కరెంటు బిల్లు, వైరస్ వస్తుందేమోనన్న టెన్షన్. ఆల్చిప్పల పెంపకంలో చెరువు లేదు, మేత లేదు. సీడ్, అంటే చిప్పపిల్లల్ని, వేసి పంజరాన్ని సముద్రంలో దించితే, నీళ్లలో కొట్టుకొచ్చే సూక్ష్మమైన నాచును వడకట్టుకుని చిప్పలే పెరుగుతాయి. బాగా ఎదిగిన చిప్ప రోజుకు 190 లీటర్ల నీటిని వడకడుతుందని ఒక అంకె ఎక్కడ చూసినా కనిపిస్తుంది. వేడి, ఉప్పు, ప్రవాహం అన్నీ కుదిరిన రోజు మాట అది. మామూలు రోజుల్లో వడకట్టేది అంతకన్నా చాలా తక్కువ. అయినా బయటి నుంచి మేత వెయ్యకుండా మాంసం తయారుచేసే పెంపకాలు లోకంలో ఎన్నో లేవు.

ఇక్కడ చెబుతున్నది ముత్యాల చిప్ప గురించి కాదు. తినే ఆల్చిప్ప వేరు, ముత్యాలిచ్చేది వేరు. తినేదానికి ఒక వింత గుణం ఉంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల రెండు మూడు వారాలు నీళ్లలో ఈదుతూ తిరుగుతుంది. తర్వాత గట్టిగా ఉన్నదేదైనా దొరికితే ఒక రకం సిమెంటు కార్చి అతుక్కుపోతుంది. ఇక జన్మలో కదలదు. ఆ గట్టి వస్తువు ఇంకో ఆల్చిప్ప అయితే మరీ ఇష్టం. తాత చిప్ప మీద తండ్రి చిప్ప, దాని మీద మనవడి చిప్ప ఎక్కుతూ పోతే వందల ఏళ్లకు నీళ్లలో ఒక దిబ్బ లేస్తుంది. ఆ దిబ్బలో చిప్పలు ఎన్నో, సందులూ అన్ని. ప్రతి సందులో ఎవరో ఒకరు ఉంటారు.

దీన్ని మొదట పద్ధతిగా గమనించినవాడు కార్ల్ మోబియస్ అనే జర్మన్ జంతుశాస్త్రవేత్త. జర్మనీ ఉత్తర తీరంలో ఆల్చిప్పల పెంపకం సాధ్యమేనా అని పరిశీలిస్తూ, చిప్పల దిబ్బను ఒక్క జీవి గుంపుగా చూస్తే లెక్క తప్పుతుందని ఆయనకు అర్థమైంది. పీతలు, పురుగులు, నత్తలు, చేపలు ఒకదానికొకటి ముడిపడి బతుకుతున్నాయి. ఈ ఉమ్మడి బతుకుకు 1877లో ఆయన ‘బయోసినోసిస్’ అని పేరు పెట్టాడు. ఇవాళ పర్యావరణ పాఠాల్లో పిల్లలు చదివే ‘జీవ సముదాయం’ అనే ఆలోచనకు పురుడు పోసింది ఆల్చిప్పల దిబ్బేనన్నమాట. చిప్పల్ని మితి లేకుండా తోడేస్తే వాటి చోటులో వేరే గుల్లలు చేరిపోతాయనీ, పాత దిబ్బ తిరిగి రావడం కష్టమనీ కూడా ఆయనే రాశాడు.

ఆ మాట ఎవరూ వినలేదు. అమెరికాలో చెసపీక్ అఖాతం ఒడ్డున మేరీలాండ్ రాష్ట్రంలో 1884-85 సీజన్‌లో ఒకటిన్నర కోట్ల బుషెళ్ల ఆల్చిప్పలు తీశారు. బుషెల్ అంటే సుమారు 35 లీటర్లు పట్టే గంప. ఇనుప పళ్ల వలలు లాగి దిబ్బల్ని చదును చేశారు. ఖాళీ చిప్పల్ని కూడా నీళ్లకు తిరిగివ్వలేదు. సున్నానికీ రోడ్లకీ వాడేశారు. మన పాత మేడలకు గుల్లసున్నం ఎలా వాడారో అలాగే. తర్వాతి పిల్లలు అతుక్కోవడానికి పునాదే లేకుండా పోయింది. ఆపైన 1959లో ఎంఎస్ఎక్స్ అనే జబ్బు చెసపీక్‌లోకి వచ్చింది, డెర్మో అనే ఇంకో జబ్బు దానికి తోడైంది. ఒకప్పుడు ఆ అఖాతంలోని చిప్పలన్నీ కలిసి అఖాతం నీటినంతా వారం తిరక్కుండా వడకట్టేవనీ, మిగిలినవాటికి అదే పని దాదాపు ఏడాదనీ రోజర్ న్యూవెల్ అనే శాస్త్రవేత్త 1988లో లెక్క కట్టాడు. ప్రపంచం మొత్తం మీద ఆల్చిప్పల దిబ్బల్లో 85 శాతం పోయాయని 2011లో వచ్చిన అంతర్జాతీయ అంచనా తేల్చింది. పగడాల దిబ్బల గురించి పడుతున్న బాధలో పదో వంతు కూడా వీటి గురించి ఎవరూ పడలేదు. బురద రంగులో ఉంటాయి కాబట్టి ఫొటోకు బాగుండవు. అదే కారణం కావచ్చు.

దిబ్బలు పోయాక అక్కడి చేపలకు మిగిలింది చదునైన బురద. పంజరం ప్రాధాన్యం ఇక్కడే.

పంజరం అంటే ప్లాస్టిక్ పూత వేసిన తీగతో అల్లిన, చిన్న మంచమంత పెట్టె. లోపల అరలు, అరల్లో వల సంచులు, సంచుల్లో చిప్పలు. చేప కళ్లతో చూస్తే ఇది ఎటు చూసినా అడ్డం దొరికే చోటు. పెద్ద చేప తరిమితే తీగల సందులోంచి దూరిపోవచ్చు, వెంటపడ్డది బయటే ఆగిపోతుంది. ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు పంజరం వెనక నీళ్లు నెమ్మదిస్తాయి, అక్కడ ఒళ్లు అలవకుండా నిలబడొచ్చు. కోరింగ మడ అడవిలో వేళ్ల మధ్య చేపపిల్లలు దాక్కోవడం చూసినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. మడచెట్టు వేరు చేసే పనే ఇక్కడ తీగ చేస్తోంది.

స్కిల్లెట్‌ఫిష్ అని వేలెడంత చేప ఒకటుంది. దాని పొట్ట కింద గిన్నెలాంటి అతుకు ఉంటుంది, దాంతో చిప్పకు అంటుకుని నిలుస్తుంది. లోపలి జీవి చచ్చిపోయి, రెండు రెక్కలూ ఇంకా విడిపోని ఖాళీ చిప్ప అంటే దీనికి ప్రాణం. ఆడది లోపలి గోడకు గుడ్లు అతికించి వెళ్లిపోతుంది. మగది గుమ్మం దగ్గర కాపలా కాస్తుంది. గోబీ, బ్లెనీ చేపలదీ ఇదే అలవాటు. వీటికి మార్కెట్‌లో ధర లేదు, వీటి పేరు కూడా చాలామంది జాలర్లకు పట్టదు. కానీ మార్కెట్‌లో ధర పలికే చారల బాస్ లాంటి పెద్ద చేపల పిల్లలు వీటి పిల్లల్ని తిని పెరుగుతాయి. రైతు మాత్రం చచ్చిన చిప్పను చూసి నష్టం అనుకుంటాడు, ఏరి పారేస్తాడు.

ఇదంతా ఎలా లెక్కపెట్టాలి అన్నది చాలాకాలం చిక్కుముడే. వల వేస్తే పంజరాలకు చిక్కుకుంటుంది. డైవర్ దిగితే చేపలు బెదిరి పోతాయి. కనెక్టికట్‌లోని మిల్ఫర్డ్ ఊళ్లో అమెరికా ప్రభుత్వ సంస్థ నోవాకు ఒక ప్రయోగశాల ఉంది. ఆల్చిప్పలకు హేచరీలో గుడ్లు పెట్టించి సీడ్ తీసే ఆధునిక పద్ధతులకు రూపం వచ్చింది ఎక్కువగా అక్కడే. ఆ ప్రయోగశాల వాళ్లు దీనికి ఒక తేలిక మార్గం పట్టారు. బైక్ మీద తిరిగే కుర్రాళ్లు హెల్మెట్‌కు తగిలించుకునే గోప్రో కెమెరాలను పంజరాలకు బిగించారు. ఒక కెమెరా పంజరం పైభాగాన్ని చూస్తుంటుంది, ఇంకోటి పక్క నుంచి నేలను చూస్తుంటుంది. మధ్యలో మనిషి లేడు. గంటకోసారి కొన్ని నిమిషాలు తీసిన వీడియోలను తర్వాత తీరిగ్గా కూర్చుని చూసి, చేప చేపనూ లెక్కపెట్టారు. పోల్చడానికి దగ్గర్లోని బండరాళ్ల దిబ్బ మీద కూడా అవే కెమెరాలు పెట్టారు.

బ్లాక్ సీ బాస్, స్కప్, కన్నర్, టాటాగ్ చేపలు పంజరాల చుట్టూ బారులు తీరాయి. వాటిలో పిల్లలు చాలా ఉన్నాయి. రాళ్ల దిబ్బతో పోలిస్తే పంజరాలు తీసిపోలేదు. చేపలు ఊరికే దాటిపోతూ కనబడితే అది వేరే సంగతి. ఇవి పంజరం మీది నాచులో తిండి ఏరుకుంటున్నాయి, తమ చోటులోకి వచ్చినవాటిని తరుముతున్నాయి, జత కోసం వెంటపడుతున్నాయి. సొంతిల్లు అనుకున్న చోటే ఎవరైనా ఇంత ధీమాగా ఉంటారు. అంతకు ముందు 2004లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ఒక ఉప్పునీటి మడుగులో ఆల్చిప్పల సరంజామానీ, సముద్రపు గడ్డి మేటనీ, ఉత్త నేలనీ పక్కపక్కన పోల్చి చూశారు. ఉత్త నేలతో పోలికే లేదు, గడ్డి మేటకు కూడా సరంజామా తీసిపోలేదు. కెమెరాకూ హద్దులున్నాయనుకోండి. రాత్రి కనపడదు, నీళ్లు బురదగా ఉన్న రోజు కనపడదు, ఒకే చేప పదిసార్లు వచ్చి పోతే పది చేపలేమో అనిపిస్తుంది. అందుకే ఒక ఫ్రేమ్‌లో ఒకేసారి కనబడిన గరిష్ఠ సంఖ్యనే లెక్కలోకి తీసుకోవడం ఇలాంటి పరిశోధనల్లో రివాజు.

అసలు గొడవ ఇక్కడి నుంచే. పంజరం దగ్గర చేపలు ఎక్కువ కనబడ్డాయంటే, సముద్రంలో చేపలు పెరిగాయనా? లేక అటూ ఇటూ చెదిరి ఉన్నవి ఇక్కడ పోగయ్యాయనా? కొబ్బరి మట్టలు, చెట్టు కొమ్మలు కట్టి నీళ్లలో ముంచి, వాటి నీడన చేరిన చేపల్ని పట్టుకోవడం మన జాలర్లకు పాత విద్యే. కొమ్మ వేసినంత మాత్రాన కొత్త చేప పుట్టదు, ఉన్నది దగ్గరికి వస్తుంది. ఫారం కూడా అలాంటి కొమ్మేనా?

ఈ ప్రశ్నకు కొంత జవాబు ఆల్చిప్పల దిబ్బల మీద జరిగిన పనిలో దొరుకుతుంది. చదును నేల మీద 10 చదరపు మీటర్ల దిబ్బను తిరిగి కడితే ఏడాదికి 2.6 కిలోల చేపలు, పీతలు అదనంగా తయారవుతాయని 2003లో ఛార్లెస్ పీటర్సన్ బృందం అమెరికా ఆగ్నేయ తీరానికి అంచనా వేసింది. దిబ్బ లేకపోతే ఆ 2.6 కిలోలు ఎక్కడా ఉండేవి కావు, అదీ వాళ్ల లెక్క. ఎకరానికి గుణిస్తే టన్ను దాటుతుంది. కానీ అలా గుణించుకుంటూ పోతే మోసపోతాం. మొదటి దిబ్బ చేసే మేలు పదో దిబ్బ చెయ్యదు. పైగా ఇది దిబ్బల లెక్క, ఫారానికి నేరుగా తెచ్చి అతికించడానికి లేదు. చేప పిల్లగా ఉన్నప్పుడు దాక్కునే చోటు లేక చచ్చిపోయే రకాలకు మాత్రం పంజరం నిజంగానే సంఖ్యను పెంచుతుందని నమ్మడానికి గట్టి కారణం ఉంది. నడి సముద్రంలో తిరిగి, అప్పుడప్పుడు ఇటు తొంగిచూసే రకాలకు అది కొమ్మ కిందే లెక్క.

ఫారం యజమాని అవసరానికీ చేప అవసరానికీ మధ్య ఒక వింత తగువు కూడా ఉంది. పంజరం దించిన కొన్ని వారాల్లోనే తీగలకు నాచు పడుతుంది. పడవ అడుగున పట్టే గుల్లలు, స్పంజీలు, సీ స్క్వర్ట్ అనే జిగట సంచుల్లాంటి జీవులు వరసగా చేరతాయి. ఇవి దట్టమైతే లోపలికి నీళ్లు ఆడవు, చిప్పలకు తిండి అందదు, పంజరం బరువు పెరుగుతుంది. రైతు దీన్ని తెగులుగానే చూస్తాడు. పంజరాన్ని ఎత్తి నీళ్ల జెట్‌తో కడుగుతాడు. తేలే సంచుల పద్ధతి అయితే వాటిని బోర్లించి ఒక రోజు ఎండబెడతాడు, నాచు మాడి రాలిపోతుంది. చేపకు మాత్రం ఆ తెగులే అన్నం. కొసకొమ్మల్లా ఊగే అస్థిపంజర రొయ్యలు ఆ నాచులోనే కాపురముంటాయి, చేపపిల్లలు వచ్చి వాటిని ఏరుకుతింటాయి. కడిగి తళతళలాడించిన పంజరానికి రైతు కంటిలో ఎంత విలువో, చేప కంటిలో అంత తక్కువ. అన్ని పంజరాలూ ఒకే రోజు కడిగే ఫారం ఎక్కడా ఉండదు కాబట్టి ఈ తగువు ఎలాగో సర్దుకుపోతోంది. ఒక వరస శుభ్రంగా ఉంటే పక్క వరస గుబురుగా ఉంటుంది.

దిబ్బకూ ఫారానికీ ఉన్న తేడాను ఈ ఉత్సాహంలో మరిచిపోతున్నారేమో అనిపిస్తుంది. దిబ్బ తనను తాను పెంచుకుంటుంది. ఫారంలో చిప్ప మూడు అంగుళాలయ్యాక ప్లేటులోకి వెళ్లిపోతుంది. ఇవాళ చెసపీక్ ఫారాల్లో వేసే సీడ్‌లో ఎక్కువ భాగం ట్రిప్లాయిడ్ రకం, అంటే గింజలేని పుచ్చకాయలాంటిది. గుడ్లు పెట్టే పని లేదు కాబట్టి వేసవిలో కూడా కండ తగ్గదు, త్వరగా పెరుగుతుంది. ఆ కారణంగానే అది బయటి దిబ్బలకు పిల్లల్ని ఇవ్వదు. మేరీలాండ్‌లోని హ్యారిస్ క్రీక్‌లో 2015కల్లా 350 ఎకరాల దిబ్బల్ని రెండొందల కోట్ల పైచిలుకు చిప్పపిల్లలతో తిరిగి కట్టారు. అది చేపకు సొంతిల్లు. ఫారం అద్దె కొంప, యజమాని లాభం చూసుకున్నంత కాలమే ఉంటుంది. అయితే దిబ్బ కట్టడానికి ప్రభుత్వం కోట్ల డాలర్లు పెట్టాలి, ఫారానికి పెట్టుబడి చిప్పలు తినేవాడి జేబులోంచి వస్తుంది. ఉత్త బురద ఉన్న చోట అద్దె కొంపైనా దొరకడం మేలే.

ఉత్త బురద ఉన్న చోట అన్న షరతును తీసి పక్కన పెట్టకూడదు. అమెరికా పడమటి తీరంలో వాషింగ్టన్ రాష్ట్రపు విల్లపా అఖాతం కథ చూస్తే ఎందుకో తెలుస్తుంది. అక్కడ పుట్టిన ఒలింపియా రకం ఆల్చిప్పల్ని 1850ల నుంచి పడవలకెత్తి శాన్ ఫ్రాన్సిస్కోకు తరలించారు. బంగారం వేటలో ఉన్నవాళ్ల పళ్లేల్లో అవి ఖాళీ అయ్యాక తూర్పు తీరపు రకాన్ని రైల్లో తెచ్చారు. అదీ నిలదొక్కుకోకపోతే 1920లలో జపాన్ నుంచి పసిఫిక్ రకాన్ని తెచ్చారు. చుట్టం వెంట చుట్టం అన్నట్టు, ఇలా బయటి నుంచి తెచ్చిన చిప్పలతో పాటు చిప్పలకు తూట్లు పొడిచే నత్తలు, జపాన్ సముద్రపు గడ్డి కూడా దిగాయి.

అక్కడ చిప్పల్ని నేరుగా నేల మీద చల్లి పెంచడం ఎక్కువ. నేలలో బొరియలు తవ్వే దెయ్యపు రొయ్యలు ఉంటాయి. అవి తవ్విన నేల మెత్తబడి చిప్పలు కూరుకుపోతాయి. ఆ రొయ్యల్ని చంపడానికి 1963 నుంచి కార్బరిల్ పురుగుమందు చల్లారు. ఆ తర్వాత ఇమిడాక్లోప్రిడ్‌కు అనుమతి అడిగారు. మన పత్తి, మిరప రైతులకు బాగా తెలిసిన మందే. 2018లో రాష్ట్ర పర్యావరణ శాఖ కుదరదు అంది. ఆ రొయ్యలు బయటి నుంచి వచ్చిన పురుగులు కావు. అక్కడే పుట్టినవి, స్టర్జన్ చేపలకు ఆహారం. చిప్పలకు ఇల్లు కట్టడం కోసం ఇంకొకరి ఇంటిని కూల్చారు. సముద్రపు గడ్డి సంగతీ ఇంతే. సాల్మన్ పిల్లలు, పీతలు పెరిగే ఆ గడ్డి మీద చిప్పలు చల్లితే, కోతకు డ్రెడ్జ్ అనే ఇనుప పళ్ల వల లాగితే గడ్డి తగ్గుతుంది. గడ్డి మీద ఈ ప్రభావాన్ని సరిగా పరిశీలించకుండానే ఫారాలకు సామూహిక అనుమతి ఇచ్చారని 2019లో సియాటిల్ ఫెడరల్ కోర్టు తప్పుపట్టింది. తమాషా ఏమిటంటే ఆ పక్కనే ఉన్న గ్రేస్ హార్బర్‌లో, ఓడల దారి తవ్వకంలో చచ్చిపోయిన డంజినెస్ పీతలకు పరిహారంగా ప్రభుత్వం ఖాళీ ఆల్చిప్పల గుట్టలే పోసింది. పీతపిల్లలకు దాక్కోవడానికి అంతకు మించిన చోటు లేదని తెలుసు కాబట్టి.

చిప్ప ఒక్కటే, తీర్పులు రెండు. తేడా అంతా దాని కింద ఏముంది అన్నదాంట్లో ఉంది. అందుకే ‘ఆల్చిప్పల ఫారం పర్యావరణానికి మంచిది’ అని ఒక్క వాక్యంలో రాసేవాళ్లను చూస్తే కొంచెం అనుమానంగా ఉంటుంది. తెగిపోయిన వల సంచులు, ప్లాస్టిక్ టైలు ఒడ్డుకు కొట్టుకురావడం, తేలే సంచుల మీద పక్షులు వాలి రెట్టలు వెయ్యడం లాంటి చిల్లర తలనొప్పులు సరేసరి.

మన దేశంలో ఈ పెంపకానికి 1970లలో తూత్తుకుడిలో సీఎంఎఫ్ఆర్ఐ అనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దారి వేశారు. 1990లలో కేరళలోని అష్టముడి లాంటి కాయళ్లకు, అంటే సముద్రంతో కలిసే ఉప్పునీటి సరస్సులకు, అది పాకింది. మలయాళంలో దీన్ని కడల్ మురింగ అంటారు, మన మాటలో సముద్రపు మునగ. పద్ధతి చవకైనది. ఖాళీ చిప్పలకు బెజ్జం పెట్టి తాడుకు దండలా గుచ్చుతారు, వెదురు, సరుగుడు కర్రలతో పందిరి వేసి దానికి ఈ దండలు వేలాడదీస్తారు. నీళ్లలో తిరిగే పిల్లలు వాటంతటవే వచ్చి అతుక్కుంటాయి. తీగ పంజరం లేకపోయినా చేపకు కావలసిన సందులు, నీడ, నాచు అన్నీ ఆ పందిట్లో ఉన్నాయి. నేల మీద పరిచేది ఏమీ లేదు, పాతిన కర్రల మందమే.

ఆంధ్ర తీరానికి గుల్లలు కొత్త కాదు. కాకినాడ అఖాతంలో బుడిత గుల్లల్ని ఏరి అమ్ముకునే కుటుంబాలు ఉన్నాయి. మడవేళ్లకు ఆల్చిప్పలు కరుచుకుని ఉండటం అక్కడి పడవవాళ్లకు రోజూ కనబడేదే. తినే అలవాటే మనకు లేదు, స్టార్ హోటళ్లను నమ్ముకుని రైతు ఫారం పెట్టలేడు. ఒకవేళ పెట్టినా చెసపీక్‌లో లేని చిక్కు ఒకటి ఇక్కడ ఉంది. కేరళ రైతులు నవంబరు, డిసెంబరుల్లో దండలు వేలాడదీసి, వానాకాలం మొదలయ్యేలోగా చిప్పలు తీసేసుకుంటారు. జూన్ వానలకు కాయల్‌లో ఉప్పు విరిగిపోతే చిప్పలు బతకవు. అంటే పందిరి మీద ఆధారపడ్డ చేపలకు ఏటా ఆరు నెలలు ఇల్లు, ఆరు నెలలు ఉత్త కర్రలు. గోదావరి పాయలు కలిసే కాకినాడ, కోరింగ నీళ్లలోనూ ఇదే లెక్క. జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు దిగే లోపు దండలు ఒడ్డుకు చేరాలి. ఆ తర్వాత వరద తగ్గి మళ్లీ ఉప్పు ఎక్కేదాకా చేపపిల్లలకు దిక్కు మడవేళ్లే.